మ్వనాయిది పేరున్న చెట్టు

దార్ ఎస్ సలామ్,
4 జూన్ 1988

చిన్నాన్నకు, పిన్నికి సెమేని షికమూ, పాదాలకు దండం.

ముందు కూర్చోండి చిన్నాన్నా. ఈ ఉత్తరం నిలబడి చదివేది కాదు, మీ మోకాలి సంగతి నాకు తెలుసు. పిన్నిని కూడా పొయ్యి దగ్గర్నుంచి పిలవండి. పిలిచారా? ఇక వినండి. మీరు నిరుడు పంపిన 2914 నంబరు రెమ్మ కొత్త చెట్టుదే! ఇంతవరకు ఏ పుస్తకంలోనూ లేదు, ఏ దేశపు బీరువాలోనూ లేదు. మూడు నెలలు వెతికాను. లేదు గాక లేదు.

పేరు కూడా రాసేశాను. కోలా మ్వనాయిదియే. ముందుది వంశం పేరు, మనుషులకు ఇంటిపేరు లాంటిది. రెండోది దాని సొంత పేరు, మీ అమ్మాయి, మన మ్వనాయిది పేరు. అది పోయిన నలభయ్యో రోజు దువా ప్రార్థన అయ్యాక మీ పెరట్లో, ఏలకులు ఆరబోసిన చాపల పక్కన కూర్చుని మీకు మాటిచ్చాను గదా, "మీ కొండ మీంచి వచ్చే కొత్త చెట్టు దానిదే చిన్నాన్నా" అని. మీరప్పుడు తలెత్తి నా మొహం కూడా చూడలేదు. విన్నారో లేదో అనుకున్నాను. రెండేళ్ళకు ఆ మాట చెల్లించుకుంటున్నాను. నాకూ దానికీ పదకొండు నెలలే తేడా. ఒకే దువ్వెనతో జడలు వేసుకున్నవాళ్ళం. నాకింతకంటే సంతోషం ఏముంటుంది?

మా మొక్కల శాస్త్రం పద్ధతి ఏమిటో మీకు తెలిసిందే అయినా పిన్నికి చెప్పండి. మేం పేరును గాల్లో పెట్టం, ఒక్క షీటుకు కడతాం. అడవిలో ఆ చెట్లు లక్ష ఉన్నా పేరు మాత్రం ఆ అట్టకు అంటించిన కొమ్మదే. దాన్ని మూల నమూనా అంటాం. ఎప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా ఆ షీటు తీసి చూసుకోవలసిందే. ఇప్పుడా షీటు మీ 2914. కోడి గీకినట్టున్న మీ రాతతో చీటీ కూడా దాని మూలన అలాగే ఉంది. పేరు ఒకసారి అచ్చయిందంటే ఇక ఎవరి తరమూ కాదు. రేపు ఎంత పెద్ద ప్రొఫెసరు వచ్చి ఇంకో పేరు పెట్టినా మొదటిదే నిలుస్తుంది.

హాలండు పత్రికకు పంపాను. అక్కడ డాక్టర్ హూగెన్ అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఈ వంశం చెట్లన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళాలి. చెట్టుకు కొత్తదనం ఎందులో ఉందో లాటిన్‌లో రాయాలని నిబంధన. డిక్షనరీ ముందు పెట్టుకుని నాలుగు రోజులు చచ్చాను. మదర్సాలో అరబీ అక్షరాలకే దెబ్బలు తిన్న సెమేని లాటిన్ రాసింది, నవ్వకండి.

ఒక్క పని చేసిపెట్టండి. మీ దగ్గర పాత కెమేరా ఉంది గదా, చెట్టు మొత్తం కనిపించేలా ఒక ఫోటో తీసి పంపండి.

మీ
సెమేని

—

క్వెంబే,
19 జూన్ 1988

అమ్మా సెమేనీ, నీ షికమూకు మరహబా. వెయ్యి మరహబాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివించింది మీ పిన్ని. మొదటిసారి ఏడవలేదు. "అచ్చులో దాని పేరు ఎంత పెద్ద అక్షరాలతో వేస్తారు?" అనడిగింది. "నాకేం తెలుసే" అన్నాను. "ముప్పై ఎనిమిదేళ్ళు దొరల దగ్గర పని చేసి అది కూడా తెలీదా" అని కసిరింది. రెండోసారికి కోళ్ళకు గింజలు వేసొస్తానని పెరట్లోకి వెళ్ళి, ఆ కోళ్ళ మధ్యే కూలబడి ఏడ్చింది. నేను వెళ్ళలేదు. ఏడవనీ అనుకున్నాను.

శుక్రవారం మసీదులో అందరికీ చెప్పాను. ఇమాము లేచి నన్ను కావలించుకున్నాడు. ఊళ్ళో మూడు రోజుల నుంచి ఇదే మాట. ఆడవాళ్ళు పిన్నిని పట్టుకుని "మీ అమ్మాయి చెట్టు మాకూ చూపించండి" అంటున్నారు. మా బావమరిది మ్గాజా ఒక్కడే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. వాడి సంగతి నీకు తెలుసుగా, రంపం తప్ప వేరే లోకం తెలీదు.

ఫోటో సంగతి. ఇక్కడ ఒకటే వాన. దారంతా జలగలు. కెమేరా అద్దానికి బూజు పట్టింది. అయినా షీటు ఉండగా ఫోటో దేనికమ్మా? మా ముసలి దొర ఏనాడైనా చెట్టుకు ఫోటో తీశాడా? షీటు ఎత్తి దీపానికి పట్టి చూసేవాడు. కాయ లేకపోతే నా మొహాన విసిరేసేవాడు. "కాయ లేని షీటు సగం షీటు ఎన్‌గెరేజా!" అని ఆ అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. 2914లో ఆకుంది, పువ్వుంది, కాయుంది. ఇంకేం కావాలి?

ఏలకులు ఈసారి బాగానే వచ్చాయి. అడవిపందులు ఒక మడి తవ్విపోయాయి. నువ్వు వేళకు తింటున్నావా? దార్‌లో ఆ రోడ్డు పక్కన వేయించిన చేపలు తిని కడుపు పాడుచేసుకోకు.

నీ చిన్నాన్న,
ఎన్‌గెరేజా షెమ్జిగ్వా

—

దార్ ఎస్ సలామ్,
3 జులై 1988

చిన్నాన్నకు షికమూ.

కోపం తెచ్చుకోకుండా చదవండి. డాక్టర్ హూగెన్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఆకూ పువ్వూ చూసి ఆయన పొంగిపోయాడు. "నలభై ఏళ్ళలో ఇలాంటి ఆకు చూడలేదు" అని రాశాడు. కాయ దగ్గర మాత్రం ఆగిపోయాడు. "ఈ కాయ అచ్చంగా మీ వైపు ఎక్కడ చూసినా ఉండే ఎర్రకాయ చెట్టు కాయలా ఉంది. పువ్వూ కాయా ఒకే చెట్టు నుంచి, ఒకే రోజు కోసినవేనా? సేకరించిన పెద్దమనిషిని అడగండి" అన్నాడు.

ఎర్రకాయ చెట్టంటే మనం బడికి వెళ్తూ కాయలు చప్పరించుకుంటూ పోయేవాళ్ళం, ఆ చెట్టే. దానికి ఎనభై ఏళ్ళ కిందటే ఒక జర్మన్ ఆయన పేరు పెట్టేశాడు.

మీరు తప్పు చేశారని నేననడం లేదు చిన్నాన్నా. అడగమన్నాడు, అడుగుతున్నాను. ఎందుకడగాలో చెప్తాను, వినండి. నా వ్యాసంలో ఈ చెట్టు కొత్తదనమంతా కాయ మీదే నిలబెట్టాను. ఎందుకంటే పువ్వులు ఎండి నలిగిపోయాయి, కాయ ముచ్చటగా నిలిచి ఉంది. ఆ ఆకుకు ఈ కాయ ఉండడమే వింత అని రాశాను. ఒకవేళ కాయ వేరే చెట్టుదైతే, ఒకే షీటు మీద రెండు చెట్లు కలిశాయన్న మాట. అలాంటప్పుడు నిబంధన ఒకటే, పేరు ఏ ముక్కకు దక్కాలో నేను రాసిన వర్ణనే తేలుస్తుంది. నా వర్ణన కాయది. అంటే మ్వనాయిది పేరు కాయతో పాటు పోయి ఆ ఎర్రకాయ చెట్టు మీద పడుతుంది. దానికి ముందే పేరుంది గనక మన పేరు చెల్లదు.

అంతటితో పోదు. ఒక వంశంలో ఒకసారి వాడి చెల్లకుండా పోయిన పేరును మళ్ళీ అదే వంశంలో ఇంకో చెట్టుకు పెట్టకూడదు. ఎప్పటికీ పెట్టకూడదు. అసలు కొత్త చెట్టు పక్కనే నిలబడి ఉన్నా దానికి మ్వనాయిది పేరు ఇవ్వలేను. ఒక్కసారే అవకాశం.

ఆగస్టు 20న అచ్చు మొదలవుతుంది. ఈలోగా మీరు "కాయ వేరే" అని ఒక్క ముక్క రాస్తే చాలు. కాయను తీసేసి, ఆకూ పువ్వూ మీద తిరగరాస్తాను. ఎవరికీ ఏ నష్టమూ లేదు, పేరు నిలుస్తుంది. అచ్చయ్యాక మాత్రం ఏమీ చెయ్యలేను.

వెంటనే రాయండి.

మీ సెమేని

—

క్వెంబే,
14 జులై 1988

సెమేనీ,

నీ ఉత్తరం అందింది. ముప్పై ఎనిమిదేళ్ళు నేను ఈ కొండలో షీట్లు నొక్కాను. నువ్వు పుట్టకముందు నుంచి. నీకు చట్రం బిగించడం నేర్పింది ఎవరు? పాత పేపర్ల మధ్య ఆకును బోర్లా వెల్లకిలా పెట్టడం నేర్పింది ఎవరు? ఇవాళ ఆ చలిదేశంలో కుర్చీలో కూచున్నవాడెవడో నా మీద వేలు చూపిస్తే, నువ్వా వేలు పట్టుకుని నా ముందుకు తెస్తావా? "సేకరించిన పెద్దమనిషి" అట! నాకు పేరు లేదా? నా పేరు చీటీ మీద లేదా?

ఆకు, పువ్వు, కాయ అన్నీ ఒకే చెట్టువి. ఇదే నా జవాబు. మళ్ళీ అడగకు.

మీ పిన్ని అంటోంది, చదువుకున్నాక మన చేతి పని మీద నీకు నమ్మకం పోయిందని. నేను కాదన్నాను. ఇప్పుడు ఏమో అనిపిస్తోంది. నా షీటు వల్ల నీకక్కడ తలవంపులుగా ఉంటే ఆ చెట్టును వదిలెయ్. ఎవరు చెయ్యమన్నారు నిన్ను? చనిపోయిన పిల్ల పేరు అడ్డం పెట్టుకుని నన్ను దొంగను చెయ్యొద్దు.

ఎన్‌గెరేజా

—

దార్ ఎస్ సలామ్,
25 జులై 1988

చిన్నాన్నకు, పిన్నికి షికమూ. తప్పయింది.

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. మిమ్మల్ని దొంగ అనడానికి నాకు నోరెలా వస్తుంది? ఎవరు షీటు పంపినా ఇదే ప్రశ్న అడుగుతాం. మీరు బయటివాళ్ళు కాదు గనక మెత్తగా అడగాల్సింది, ముక్కుసూటిగా అడిగేశాను. పిన్నికి నా మీద కోపం పోయేలా మీరే చెప్పాలి.

మీ మాట మీద డాక్టర్ హూగెన్‌కు తంతి ఇచ్చేశాను. "మా చిన్నాన్న ఒకే చెట్టువని చెప్పారు, నాకు అది చాలు" అన్నాను. ఆయన వెంటనే తిరుగు తంతి ఇచ్చాడు. మీ ధైర్యమే మా ధైర్యం అన్నాడు. వ్యాసం ఉన్నది ఉన్నట్టుగా అచ్చుకు వెళ్తోంది.

సెప్టెంబరులో నేను క్వెంబే వస్తాను. చెట్టు కింద నిలబడి ఒకసారి మీతో ఫోటో తీయించుకోవాలని ఉంది. మీరు చూపిస్తే చాలు, మిగతా దారి నేనెక్కుతాను.

మర్చిపోయాను. ఆగస్టు 5న కిల్వా అడవులకు వెళ్తున్నాను, 25 దాకా దార్‌లో ఉండను. అక్కడ ఫోనూ లేదు, తంతీ లేదు. ఏదైనా చెప్పాల్సి ఉంటే అయిదో తేదీ లోపల చెప్పండి.

మీ సెమేని

—

క్వెంబే,
9 ఆగస్టు 1988

అమ్మా సెమేనీ,

ఈ ఉత్తరం పోస్టుకు వెయ్యడం లేదు. ముహేజా నుంచి దార్ వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. తంతి కూడా ఇస్తాను: కాయ వేరే చెట్టుది, అచ్చు ఆపు అని. ఏది ముందు అందితే అది.

నీకు అబద్ధం చెప్పాను. కాయ ఆ చెట్టుది కాదు.

ఆ చెట్టు ఇప్పుడు లేదు. నేనే నరికాను.

1986 నవంబరులో కనిపించింది. ఆకును వేళ్ళతో తడిమితేనే నాకు తెలిసిపోయింది, ఇది నేనెరిగినది కాదని. కింద నాలుగు పువ్వులు రాలి ఉన్నాయి. పూత మొత్తం చిటారు కొమ్మల్లో ఉంది. నున్నటి మాను, పట్టుకోడానికి ఒక్క కొమ్మ లేదు. ఇంతకు ముందైతే మ్వనాయిది ఎక్కేది. నా మోకాలు పోయినప్పటి నుంచి ఎక్కేది అదే గదా. ఖంగా గుడ్డ నడుముకు బిగించి, కత్తి నోట్లో కరుచుకుని కోతిలా పాకేది. కింద నిలబడి నేను "చాలే దిగవే" అంటుంటే "ఇంకో రెమ్మ నాన్నా" అనేది. ఆ రోజు ఆ చెట్టు కింద తల పైకెత్తి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. అప్పటికి ఆరునెలలయింది అది పోయి. జ్వరం వచ్చిన అయిదో రోజుకే పోయింది. నాకు పైకి ఎక్కేవాళ్ళు లేరు.

వెనక్కొచ్చి మ్గాజాను తీసుకెళ్ళాను. ఇద్దరం రంపం చెరో చివరా పట్టుకున్నాం. దొరల కాలంలో ఎన్ని నరికాం! ఎక్కు, లేదంటే నరుకు, అదే పద్ధతి. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించేవాళ్ళం కాదు. ఇది పడ్డాక మాత్రం చుట్టూ చూశాను. అలాంటిది ఇంకోటి కనపడలేదు. మర్నాడు వెతికాను, తర్వాత వారం వెతికాను. ఈ రోజుకీ వెతుకుతూనే ఉన్నాను. లేదు.

ఏప్రిల్లో కాయ కాలం వచ్చింది. పువ్వులున్నాయి, కాయ లేదు. సగం షీటు. మోడుకు ఇరవై అడుగుల దూరంలో ఎర్రకాయ చెట్టు విరగ్గాసి ఉంది. ఒకే వంశం, కాయా ఒకటే ఉంటుందిలే అనుకున్నాను. నాలుగు కాయలు కోసి సంచిలో వేసి అదే నంబరు రాశాను. ఇంత చదువుకున్న నీకు కొత్త చెట్టంటూ దొరికితే, అది మా పిల్లదవుతుందన్న ఆశే తప్ప నా బుర్రలో ఇంకేం లేదమ్మా.

నువ్వు ఫోటో అడిగినప్పుడే చెప్పాల్సింది. కాయ వేరంటే, అసలు చెట్టు కాయ తెమ్మంటావు. ఏం చూపించను? ఊరంతా చెట్టు చూపించమంటోంది. వాళ్ళకేం చెప్పను? మ్గాజా మొహం చూడలేక దారి తప్పించుకు తిరుగుతున్నాను. నీ క్షమాపణ ఉత్తరం వచ్చింది. మొదటి పేజీ చదివేసరికి తల కొట్టేసినట్టయింది. రెండోది చదవలేక మడిచి ఖురాను కింద పెట్టాను. నిన్న మీ పిన్నికి అంతా చెప్పాను. ఆవిడ అరవలేదు. "వెంటనే రాయి" అంది, అంతే. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు.

20కి ఇంకా పదకొండు రోజులుంది. ఆపు తల్లీ. ఎలాగైనా ఆపు.

నీ చిన్నాన్న

—

దార్ ఎస్ సలామ్,
27 ఆగస్టు 1988

చిన్నాన్నా,

తంతి నా బల్ల మీద పదిహేను రోజులుగా పడి ఉంది. దాని పక్కనే మీ ఉత్తరం. నేను కిల్వాలో ఉన్నాను. అయిదో తేదీ లోపల చెప్పమని రాశాను. రెండో పేజీలో రాశాను.

పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళి హాలండుకు ఫోను చేశాను. మూడు గంటలు కూర్చోబెట్టి కలిపారు. డాక్టర్ హూగెనే ఎత్తాడు. 20న అచ్చయింది, 22న లైబ్రరీలకు వెళ్ళిపోయింది. "అయ్యో అమ్మాయీ" అన్నాడు. తర్వాత లైను కట్టయింది.

ఒక నంబరు, ఒక రోజు, ఒక చెట్టు. ఇది నాకు నేర్పింది మీరు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు చెట్ల రెమ్మలు కలిపి కట్టానని నా చేతిలో కట్ట లాక్కుని వాగులో పారేశారు. మ్వనాయిది, నేను ఇద్దరం ఏడ్చాం. గుర్తుందా? నరికినందుకు కాదు నాకు కోపం. నరికానని చెప్పి ఉంటే మీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. మిమ్మల్ని నమ్మి, నా కళ్ళను నేను నమ్మలేదు. ఆ కాయ కాడ చూసినప్పుడే నాకూ అనుమానం వచ్చింది. మీరు చెప్పారు గనక చాలు అనుకున్నాను. అంత పెద్దాయనకు అలాగే రాశాను.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. పేరును పువ్వు ముక్కకు కడుతున్నానని నేనే అచ్చు వేయించుకోవచ్చు. నా షీటు, నా వ్యాసం, అడిగేవాడు ఇప్పట్లో ఉండడు. మ్వనాయిది పేరు బతుకుతుంది. కాని వర్ణన అంతా కాయది. నేను రాసింది నేనే చదివి అబద్ధం చెప్పాలి. రెండు రాత్రులు దీని మీదే ఆలోచించాను. చెయ్యలేను. ఇంట్లో ఒక అబద్ధం చాలు.

దిద్దుబాటు నేనే రాస్తున్నాను. షీటు మీద రెండు చెట్లున్నాయని, తప్పు మాదేనని, పేరు ఎర్రకాయ చెట్టుకే పోతుందని. వేరేవాళ్ళు కనిపెట్టక ముందు నా చేత్తోనే ఆ పేరు చెల్లదని రాయాలి. ఏ చేత్తో పేరు పెట్టానో ఆ చేత్తోనే. మ్వనాయిదిని రెండోసారి పోగొట్టుకున్నట్టుంది నాకు.

పువ్వూ ఆకూ ఉన్న సగం నిజంగా కొత్త చెట్టే. దానికి పేరు పెట్టాలి. మ్వనాయిది పేరు పెట్టడానికి వీల్లేదు. ఏదో ఒకటి మీరే చెప్పండి, నాకు బుర్ర పనిచెయ్యడం లేదు.

సెప్టెంబరులో రాను.

సెమేని

—

క్వెంబే,
18 సెప్టెంబరు 1988

అమ్మా సెమేనీ,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజమే. వాగులో పారేసిన కట్ట నాకూ గుర్తుంది. నా వైపు చెప్పుకోడానికి ఏమీ లేదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఇమామును అడిగి లేచి నిలబడ్డాను. మా అమ్మాయి చెట్టని మీకు చెప్పిన చెట్టు ఇప్పుడు లేదు, నేనే నరికాను, పైగా చెప్పకుండా దాచాను అన్నాను. మ్గాజా లేచి "రంపం రెండో చివర నాది" అన్నాడు. వాడు అలా లేస్తాడనుకోలేదు. అందరి ముందూ ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

పేరు అడిగావు. మీ పిన్ని "కొండ పేరు పెట్టమను, మనిషి పేరు వద్దు" అంది. ఇమాము ఇంకేదో చెప్పాడు. నేను ఆలోచించినది ఒక్కటే. లాటిన్‌లో "నరికినది" అనడానికి ఏదో ఒక మాట ఉంటుంది గదా, అది పెట్టు. ఒకసారి అచ్చయితే ఎవరి తరమూ కాదన్నావు. అలాగే కానీ. ఊళ్ళోవాళ్ళ మనవల మనవలకు కూడా ఆ షీటు తీసి చూసినప్పుడు తెలియాలి, ఇది ఎలా వచ్చిందో. నన్ను కాపాడాలని చూడకు. నా నంబరు, నా పేరు చీటీ మీద అలాగే ఉంచు.

నువ్వు రానన్నావు. రమ్మనడానికి నాకు మొహం లేదు. పిన్నికి మాత్రం రాస్తూ ఉండు.

చిన్నాన్న

—

దార్ ఎస్ సలామ్,
15 జనవరి 1989

చిన్నాన్నకు, పిన్నికి షికమూ.

నాలుగు నెలలు రాయలేదు. కోపంతో కొన్నాళ్ళు, ఏం రాయాలో తెలీక కొన్నాళ్ళు.

రెండూ అచ్చయ్యాయి. ఆ షీటును జాగ్రత్తగా కోసి రెండు అట్టలకు అంటించాను. పువ్వు ముక్కకు కోలా సుక్సీసా అని పేరు. మొదలంటా నరికినది అని అర్థం. మీరడిగినట్టే పెట్టాను. డాక్టర్ హూగెన్ ఆ మాట చూసి "ఎందుకిలా?" అని రాశాడు. మీ ఉత్తరంలోని నాలుగు వాక్యాలు ఆయనకు ఇంగ్లీషులో రాసి పంపాను. "నా దగ్గర పనిచేసినవాళ్ళలో ఇంత మాట అనగలిగినవాడు ఒక్కడు లేడు" అని జవాబు రాశాడు. ఈసారి మిమ్మల్ని మిస్టర్ షెమ్జిగ్వా అన్నాడు.

పిన్నికి ఒక సంగతి చెప్పండి, ఇది నేను ముందు చెప్పలేదు. అప్పుడు కోపంలో నాకే తట్టలేదు. చెల్లని పేరును మా శాస్త్రంలో చెరిపెయ్యరు. ఎవరు ఎర్రకాయ చెట్టు గురించి పూర్తి లెక్కన రాసినా, జర్మన్ ఆయన పెట్టిన పేరు కింద, చిన్న అక్షరాలతో, కోలా మ్వనాయిదియే అని రాయాల్సిందే. అలా రాయడమే పద్ధతి. మన కొండ మీది నుంచి పంగానీ నది ఒడ్డు దాకా ఉన్న ప్రతి ఎర్రకాయ చెట్టుకూ ఇప్పుడు కింద వరుసలో మన మ్వనాయిది పేరుంది. గొప్పగా కాదు. ఉంది, అంతే. పిన్ని అక్షరాలు ఎంత పెద్దవని అడిగింది గదా, చాలా చిన్నవి.

మీ సెమేని

—

క్వెంబే,
2 మార్చి 1989

అమ్మా సెమేనీ, మరహబా.

 

నిన్న మీ పిన్ని నాతో పాటు అడవికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఏనాడూ రాలేదు. నీ ఉత్తరం చదివాక "ఆ చెట్టు చూపించు" అంది. నేను మోడు అనుకున్నాను. "మోడు దేనికి, ఎర్రకాయ చెట్టు" అంది. మోడు దాటుకునే వెళ్ళాలి గదా. రెండేళ్ళుగా నేను అటు వెళ్తే కళ్ళు పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఆవిడ ఆగి "ఇదేమిటి?" అంది.

మోడు పక్క నుంచి, వేరు మొదట్లో, ఏడు పిలకలు. ఒకటి నా భుజం దాకా ఉంది! ఎప్పటి నుంచి మొలుస్తున్నాయో! ఆకు తడిమాను. అదే ఆకు. అదే, సెమేనీ. బురదలో కూలబడిపోయాను. లేవలేకపోయాను, మోకాలు. పిన్ని నన్ను లేపకుండా ముందు పిలకల చుట్టూ గడ్డి పీకడం మొదలెట్టింది. ఆ తర్వాత ఆవిడ ఎర్రకాయ చెట్టు దగ్గరికి వెళ్ళి ఒక కాయ ఏరుకుని చప్పరించి, "పులుపు" అంది. నాతో మాట్లాడింది. ఆగస్టు నుంచి ఏ అవసరమూ లేకుండా, ఊరికే నాతో అన్న మొదటి మాట.

మ్గాజా, నేను ముళ్ళకంచె వేశాం. ఏలకుల మడుల కోసం ఎవరూ అటు నరక్కుండా చూస్తామని ఊళ్ళో అందరూ మాటిచ్చారు.

ఇప్పుడొక సంగతి అడుగుతాను, నవ్వకు. చెట్టు చావలేదు గదా. నరికినది అన్న పేరు ఇప్పుడు తప్పు గదా. నా కోసం కాదు. ఆ పిలకల మీద జాలేస్తోంది, అవేం పాపం చేశాయి? వేరే పేరు పెట్టడానికి వీలవుతుందా? బతికినది అనో, మొలిచినది అనో?

చిన్నాన్న

—

దార్ ఎస్ సలామ్,
14 మార్చి 1989

చిన్నాన్నకు, పిన్నికి షికమూ.

మీ ఉత్తరం పట్టుకుని ఆఫీసులో అందరి బల్లల దగ్గరికీ తిరిగాను. చదివి వినిపిస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ. మతిపోయిందనుకున్నారు.

పేరు మార్చడానికి వీల్లేదు చిన్నాన్నా. నిబంధనలో అది కూడా ఉంది. పేరు చెట్టుకు అతకలేదనో, అర్థం తప్పనో దాన్ని తీసెయ్యకూడదు. తెల్లటిది అని పేరున్న చెట్టు ఎర్రగా పూసినా ఆ పేరే. నరికినది అని పేరున్న చెట్టు పూతకొచ్చినా అదే పేరు. పేరు అచ్చయింది, మీ మాట అచ్చయింది. ఇక దాన్ని అబద్ధం చెయ్యాల్సింది ఆ ఏడు పిలకలే.

శనివారం బస్సుకు వస్తున్నాను. రంపం పట్టిన చేతులు మీవీ, మ్గాజా మామవీ. నేనొచ్చేదాకా, నేనొచ్చాక కూడా, ఆ చేతులతోనే కంచె కాయండి.

మీ సెమేని